పి.వి. గారు – పల్లె బడి పద్దు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఈ ప్రాంతపు పెద్దలలో ఒకరి జీవితం గురించి వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు శ్రీ పాములపర్తి వెంకట నరసింహారావు గారిది. ప్రధానమంత్రిగా ఆయన తెచ్చిన ఆర్థిక సంస్కరణల గురించి, అయోధ్య సంఘటన గురించి, మెజారిటీ లేని ప్రభుత్వాన్ని ఐదేళ్ళు నడిపిన తీరు గురించి తెలిసినవారు పెద్ద పెద్ద పుస్తకాలు వ్రాశారు. అవి నాబోటి గుమాస్తా తేల్చగలిగిన విషయాలు కావు. నా సర్వీసులో ఎక్కువ భాగం పరిషత్తు కార్యాలయాలలో, అందులోనూ విద్యా విభాగం పద్దులు చూసే సీటులో గడిచింది. ఆ సీటులో కూర్చున్నవాడికి పి.వి. గారు ఎలా కనిపించారో అంతవరకే ఇక్కడ మనవి చేస్తాను.

పల్లెటూరి బడికి డబ్బు ఎవరివ్వాలి, ఆ డబ్బు సంగతి ఎవరు కూర్చుని మాట్లాడాలి అనే ప్రశ్న ఆయన జీవితమంతా ఆయన వెంటే నడిచింది. ఆ ప్రశ్నకు ఆయన రెండు జవాబులు చెప్పారు. ఒకటి నెరవేరింది. రెండవది ఇంకా సగంలోనే ఉంది.

బడి కోసం ఊరు విడిచిన బాలుడు

పి.వి. గారు 1921 జూన్ 28న నర్సంపేట తాలూకా లక్నేపల్లిలో, తల్లిగారి ఇంట జన్మించారు. తల్లి రుక్మాబాయి గారు, తండ్రి సీతారామారావు గారు. పసితనంలోనే వంగర గ్రామానికి చెందిన పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ దంపతులు ఆయనను దత్తత తీసుకున్నారు. వంగర అప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది.

కలిగిన ఇంటి బిడ్డే అయినా చదువు మాత్రం ఇంటి ముంగిటికి రాలేదు. కొంతకాలం కట్కూరులో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. ఆ తర్వాత ఉన్నత పాఠశాల చదువుకు హనుమకొండ చేరారు. ఆ రోజులలో పల్లెలో పుట్టిన పిల్లవాడు పై చదువు చదవాలంటే తాలూకా కేంద్రానికో, జిల్లా కేంద్రానికో పోయి ఎవరి ఇంటి వరండాలోనో తలదాచుకోవలసిందే. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగేది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. అంత బరువు మోసి పైకి వచ్చినవారు నూటికి ఒక్కరు కూడా ఉండేవారు కాదు.

1938లో వందేమాతరం ఉద్యమం వచ్చింది. ఆ గీతం పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద చదువుతున్న విద్యార్థులను చాలామందిని బయటకు పంపించారు. వరంగల్లులో ఇంటర్మీడియట్ చదువుతున్న పి.వి. గారూ అందులో ఒకరు. సొంత రాజ్యంలో తలుపులు మూసుకోగా నాగపూర్ విశ్వవిద్యాలయం చేరదీసింది. ఆ తర్వాత పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో బి.ఎస్‌సి., తిరిగి నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివారు. చదువు కోసం ఊరు విడిచి, జిల్లా విడిచి, చివరకు రాజ్యమే విడిచిన ఆ అనుభవం ఆయన మనసులో నాటుకుని ఉంటుందని నా నమ్మకం. తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే ఆ నమ్మకం బలపడుతుంది.

పత్రిక నుండి శాసనసభకు

న్యాయవాద వృత్తిలో ఆయన బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర పని నేర్చుకున్నారు. హైదరాబాదు విమోచన పోరాటంలో చాందా శిబిరంలో ఉండి పనిచేశారు. 1948 తర్వాత బంధువూ మిత్రుడూ అయిన పాములపర్తి సదాశివరావు గారితో కలిసి వరంగల్లు నుండి కాకతీయ పత్రిక నడిపారు. జయ–విజయ అనే కలం పేరు వారిద్దరిదీ. మన ఊరి పాత తరం వారికి ఆ పత్రిక ఇప్పటికీ జ్ఞాపకం.

1952లో కరీంనగర్ లోక్‌సభ స్థానానికి పోటీచేసి బద్దం ఎల్లారెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. 1957లో మంథని నుండి శాసనసభకు ఎన్నికై 1977 వరకు వరుసగా ఆ స్థానంలో కొనసాగారు.

ఇక్కడ మా శాఖ సంగతి ఒక్కటి చెప్పాలి. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. దేశంలో రాజస్థాన్ తర్వాత మనదే రెండవ రాష్ట్రం. ప్రాథమిక పాఠశాలలు సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు అప్పజెప్పారు. అప్పటి చట్టం ప్రకారం శాసనసభ్యులకు కూడా జిల్లా పరిషత్తులో స్థానం ఉండేది. ఆ విధంగా బడి పద్దు ఎలా నడుస్తుందో తెలుసుకునే అవకాశం ఆ తరం నాయకులకు కింది నుండే దొరికింది.

1962 నుండి పి.వి. గారు మంత్రిగా న్యాయం, సమాచారం, దేవాదాయం, వైద్యం మొదలైన శాఖలు చూశారు. 1968 నుండి 1971 వరకు విద్యాశాఖ వారిది. 1969 నాటి తెలంగాణ ఉద్యమంలో చదువులు ఆగిపోయిన రోజులు నా ఈడు వారందరికీ తెలిసినవే. అంతటి గందరగోళంలో విద్యాశాఖ బరువు ఆయన మీద ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీకి ఆయనే తొలి అధ్యక్షులు. పై తరగతుల శాస్త్ర విషయాలకు తెలుగులో పాఠ్యపుస్తకాలు తయారుచేయించడం ఆ సంస్థ పని. ఉర్దూలో చదివి, మరాఠీ ప్రాంతంలో పట్టా పుచ్చుకుని, వేయిపడగలు నవలను హిందీలోకి అనువదించిన మనిషికి తల్లి భాషలో చదువు విలువ వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

సర్వేలు గురుకులం

1971 సెప్టెంబరు 30న పి.వి. గారు ముఖ్యమంత్రి అయ్యారు. రెండు నెలలు తిరగకుండానే, నవంబరు 23న నల్లగొండ జిల్లా సర్వేలు గ్రామంలో గురుకుల పాఠశాల ప్రారంభమైంది. తెలివి ఉండి స్థోమత లేని పల్లె పిల్లలను పరీక్ష పెట్టి ఎంచి, తిండి, బట్ట, పుస్తకం, పడక అన్నీ ప్రభుత్వమే చూసి, ఉపాధ్యాయులు కూడా అక్కడే కాపురం ఉండి చదువు చెప్పడం దాని పద్ధతి. మరుసటి సంవత్సరం గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలో ఇటువంటివే వచ్చాయి. సర్వేలులో చదివిన పల్లె పిల్లలు తర్వాత ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్. అధికారులు అయ్యారు, వైద్యులు, ఇంజనీర్లు అయ్యారు.

పద్దులు చూసినవాడిగా నాకు అందులో కనిపించిన కిటుకు ఒకటే. ఆ బడికి డబ్బు వేరుగా కట్టిపెట్టారు. జిల్లాలోని వందల బడులతో పాటు వంతు కోసం వరుసలో నిలబడే అవసరం దానికి లేదు. తిండికి ఎంత, పుస్తకాలకు ఎంత, మరమ్మతులకు ఎంత అనేది ముందే లెక్కగట్టి ఉంది. పిల్లవాడిని లెక్కలోకి తీసుకుని వేసిన పద్దు అది. మామూలు బడికి వేసే పద్దు ఉపాధ్యాయుల పోస్టులను లెక్కలోకి తీసుకుని వేసేది.

భూ సంస్కరణల విషయంలో పట్టుదల, ముల్కీ నిబంధనల తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం, వీటన్నిటి నడుమ 1973 జనవరిలో ఆయన పదవి వదులుకోవలసి వచ్చింది. ముఖ్యమంత్రిగా ఉన్నది పదిహేను నెలలే. కాని సర్వేలు నిలిచింది. 2014 తర్వాత తెలంగాణలో గురుకులాలు వందల సంఖ్యలో పెరిగాయి. ఆ చెట్టుకు విత్తనం సర్వేలులోనే పడింది.

నవోదయ – మా ఇంటి సంగతి

1977లోనూ 1980లోనూ హనుమకొండ నుండి లోక్‌సభకు ఎన్నికైన పి.వి. గారు 1984లో ఇక్కడే చందుపట్ల జంగారెడ్డి గారి చేతిలో ఓడి, మహారాష్ట్రలోని రాంటెక్ నుండి గెలిచారు. 1985 సెప్టెంబరులో కేంద్రంలో విద్యాశాఖ మానవ వనరుల అభివృద్ధి శాఖగా మారినప్పుడు దానికి తొలి మంత్రి ఆయనే. 1986 జాతీయ విద్యా విధానం ఆయన చేతుల మీదుగా వచ్చింది. సర్వేలు నమూనాను దేశమంతటికీ విస్తరించి జిల్లాకొక నవోదయ విద్యాలయం అన్నారు. నూటికి డెబ్బై ఐదు సీట్లు పల్లె పిల్లలకు. మన జిల్లాకు మామునూరులో వచ్చింది.

అప్పుడు నేను ఒక మండల కేంద్రంలో పనిచేస్తున్నాను. మా పెద్దవాడు ఊరి బడిలో ఐదవ తరగతి చదివి పరీక్ష వ్రాశాడు. మామునూరులో సీటు వచ్చింది. ఇనుప పెట్టె, దుప్పటి పట్టుకుని వాడిని దించి వచ్చిన రోజు మా ఇంటావిడ అన్నం తినలేదు. కాని పైసా ఖర్చు లేకుండా వాడి చదువు సాగింది. తొమ్మిదవ తరగతిలో ఒక సంవత్సరం ఉత్తరాది నవోదయలో చదివి వచ్చి, మా వీధిలో హిందీ మాట్లాడి అందరినీ నవ్వించేవాడు.

రెండేళ్ళ తర్వాత మా అమ్మాయి అదే పరీక్ష వ్రాసింది. సీటు రాలేదు. ఆమె పరిషత్తు ఉన్నత పాఠశాలలోనే చదివింది. ఉపాధ్యాయులు మంచివారు, శ్రద్ధగా చెప్పేవారు. కాని ప్రయోగశాల అన్న గదిలో ఒక బీరువా ఉండేది, దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉండేదో తెలిసేది కాదు. వానాకాలంలో రెండు తరగతులు ఒక గదిలో కూర్చునేవి. ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేక మా అమ్మాయి ఉదయం నుండి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగేది కాదు. ఆ సంగతి ఆమె పెళ్ళయిన తర్వాత వాళ్ళమ్మతో చెబితే నాకు తెలిసింది. బడి పద్దులు వ్రాసే గుమాస్తా ఇంట్లోనే తెలియని సంగతి అది.

ఒకే ఇంటి పిల్లలు, ఒకే సర్కారు సొమ్ము, రెండు రకాల బడులు. ఎంచిన కొద్దిమందికి మంచి బడి ఇచ్చి మిగిలిన వారిని వదిలేశారని నవోదయల మీద అప్పుడే విద్యావేత్తలు విమర్శించారు. పెద్దవాడిని చూసుకుంటే ఆ విమర్శ నాకు కష్టం తోచేది. అమ్మాయిని చూసుకుంటే నిజమనిపించేది. న్యాయానికి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ విధానం కిందనే మామూలు ప్రాథమిక పాఠశాలలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్ల, ఆట వస్తువులు, బోధన సామగ్రి ఇవ్వాలని ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం 1987లో మొదలైంది. ఏకోపాధ్యాయ బడులకు రెండవ పోస్టు రావడం మేమంతా కళ్ళారా చూశాం.

పదిహేడవ అంశం

1991 జూన్ 21న పి.వి. గారు ప్రధానమంత్రి అయ్యారు. ఖజానాలో విదేశీ మారకం అడుగంటిన రోజులవి. ఆ హడావుడిలో జరిగిన ఒక పనిని మనలాంటి వారు తప్ప ఎక్కువమంది తలచుకోరు. రాజీవ్ గాంధీ గారి కాలంలో పంచాయతీరాజ్ సవరణ బిల్లు 1989లో రాజ్యసభలో వీగిపోయింది. పి.వి. గారి ప్రభుత్వం 73వ రాజ్యాంగ సవరణగా దానిని 1992 డిసెంబరులో పార్లమెంటులో గట్టెక్కించింది. 1993 ఏప్రిల్ 24 నుండి అది అమలులోకి వచ్చింది. ఐదేళ్ళకొకసారి ఎన్నికలు, మహిళలకు మూడింట ఒక వంతు స్థానాలు, రాష్ట్ర ఆర్థిక సంఘం, ఇవన్నీ దానితో వచ్చినవే.

ఆ సవరణతో రాజ్యాంగానికి పదకొండవ షెడ్యూలు చేరింది. పంచాయతీలకు అప్పగించదగిన ఇరవై తొమ్మిది అంశాలు అందులో ఉన్నాయి. పదిహేడవది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. అంటే పల్లె బడి సంగతి పల్లె వారు ఎన్నుకున్నవారే కూర్చుని మాట్లాడాలన్నది రాజ్యాంగం మాటే అయింది. పి.వి. గారి రెండవ జవాబు ఇదే. మొదటి జవాబులో డబ్బు పై నుండి నేరుగా దిగింది. రెండవ దానిలో మాట్లాడే అధికారం కిందికి దిగాలి. ఆ షెడ్యూలు అప్పగించవచ్చు అన్నదే గాని అప్పగించి తీరాలని అనలేదు. ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. చిక్కు అక్కడే ఉంది.

1993 డిసెంబరులో ఎక్కువ జనాభా గల తొమ్మిది దేశాల విద్యా సదస్సు ఢిల్లీలో జరిగింది. జాతీయాదాయంలో నూటికి ఆరు వంతులు చదువుకు కేటాయిస్తామని అక్కడ పి.వి. గారు మాట ఇచ్చారు. కొఠారి కమిషన్ 1966లోనే చెప్పిన లెక్క అది. ఆయన కాలంలోనూ, ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వ కాలంలోనూ దేశం ఆ ఆరింటిని అందుకోలేదు. అయితే 1994లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలై, రాష్ట్రంలో ముందుగా తీసుకున్న ఐదు జిల్లాలలో మన వరంగల్లు ఒకటైంది. 1995 ఆగస్టు 15న బడి పిల్లలకు మధ్యాహ్న ఆహార పథకం వచ్చింది. మొదట మన దగ్గర నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. 2001లో సుప్రీంకోర్టు ఆదేశించిన తర్వాత వండిన భోజనం అయింది.

పద్దు చదివిన రోజు

73వ సవరణను అనుసరించి 1994లో రాష్ట్రంలో కొత్త పంచాయతీరాజ్ చట్టం, 1995లో మండల, జిల్లా పరిషత్తు ఎన్నికలు వచ్చాయి. జిల్లా పరిషత్తుకు ఏడు స్థాయీ సంఘాలు. అందులో విద్య, వైద్యానికి ఒకటి. ప్రతి ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా అంచనాలు తయారుచేసి సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి.

మన సభ్యులలో పరిషత్తులో పనిచేయనివారి కోసం వివరంగా చెబుతాను. విద్య పద్దు చూడడానికి మిగతా అన్నిటికంటే పెద్దది. సభ్యులు దానిని చూసి విద్యకు చాలా ఉందనుకునేవారు. కాని అందులో దాదాపు అంతా ఉపాధ్యాయుల జీతభత్యాలు. అది ప్రభుత్వ గ్రాంటు. ట్రెజరీ నుండి వచ్చి ట్రెజరీ గుండానే పోతుంది. పరిషత్తు పుస్తకంలో అది బాటసారి వంటిది. సభ వారు అందులో ఒక్క రూపాయి అటు ఇటు చేయలేరు. వారి చేతిలో ఉండేది సాధారణ నిధి నుండి బడి మరమ్మతులకో, బెంచీలకో మిగిలే చిన్న మొత్తం. అందువల్ల రోడ్లు, బోర్ల మీద గంటల తరబడి చర్చ జరిగేది. విద్య పద్దు చదవగానే బల్లలు చరచి ఆమోదించేవారు. మాట్లాడితే బదిలీల గురించి మాట్లాడేవారు.

నేను పనిచేసిన ఒక పరిషత్తులో, 1995 ఎన్నికల తర్వాతి తొలి బడ్జెట్ సమావేశాలలో ఒకటి నాకు మరపురాదు. మహిళా స్థానం నుండి వచ్చిన ఒక సభ్యురాలు, పెద్దగా చదువుకున్నావిడ కాదు, విద్య పద్దు చదవగానే లేచి నిలబడ్డారు. ఈ కోట్లలో మా ఊరి హైస్కూలు ఆడపిల్లల మరుగుదొడ్డికి ఎంత ఉందో చెప్పమన్నారు. సభలో కొందరు నవ్వారు. అధికారులు వెనక్కి తిరిగి నా వైపు చూశారు. నేను కాగితాలు తిరగేశాను. ఆ పేరుతో పద్దే లేదు. జీతాలు తీసివేస్తే మిగిలింది ఎంతో చెప్పమని ఆమె మళ్ళీ అడిగారు. ఆ అంకె చదివి వినిపించవలసిన వంతు నాకు వచ్చింది. అది విన్నాక సభలో నవ్వు ఆగిపోయింది.

ఆ రోజు విద్య పద్దు మీద రెండు గంటలు చర్చ జరిగింది. నా సర్వీసులో అంతసేపు ఎన్నడూ జరగలేదు. కొత్త డబ్బు ఎక్కడి నుండీ ఊడిపడలేదు. వేరే పనులకు అనుకున్న సొమ్ములో కొంత తగ్గించి, ముందుగా కొన్ని బాలికల పాఠశాలలకు మరుగుదొడ్లు కట్టాలని తీర్మానం చేశారు. ఆవిడ ఊరి బడి ఆ మొదటి జాబితాలో లేదు. అంతకంటే అధ్వానంగా ఉన్న బడులు ముందు కావాలని ఆమే ఒప్పుకున్నారు. ఆ తీర్మానాన్ని మూడు కార్బన్ కాపీలతో టైపు చేసింది నేనే. మా అమ్మాయి మంచినీళ్ళ సంగతి అప్పటికి నాకు తెలియదు. తెలిసిన తర్వాత ఆ సభ్యురాలు ఎవరి కోసం నిలబడ్డారో నాకు బోధపడింది.

ఢిల్లీలో ఒక సవరణ వ్రాయకపోతే ఆమె ఆ సభలో కూర్చునేవారా అని ఆలోచిస్తే పి.వి. గారు చేసిన పని విలువ నాకు తెలుస్తుంది. మాట్లాడే హక్కు వచ్చింది కాని ఖర్చుపెట్టే డబ్బు దానితో పాటు రాలేదని ఆలోచిస్తే మిగిలిపోయిన పని ఎంతో తెలుస్తుంది.

ముగింపు

1996లో పదవి దిగిన తర్వాత పి.వి. గారు కోర్టు కేసులు, ఒంటరితనం అనుభవించారు. 1998లో ఇన్‌సైడర్ నవల ప్రచురించారు. 2004 డిసెంబరు 23న ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాదులో జరిగాయి. తగిన గౌరవం దక్కలేదన్న బాధ మన ప్రాంతం వారికి చాలా ఏళ్ళు ఉండిపోయింది. 2024లో మరణానంతరం భారతరత్న ఇచ్చినప్పుడు కొంత తీరింది.

విగ్రహాలకు దండలు వేయడం మంచిదే. కాని ఆయనకు మనం చేయగల సేవ ఇంకొకటి ఉంది. మనమంతా జీవితకాలం లెక్కలు వ్రాసినవాళ్ళం. ఏ పద్దులో ఏముందో, ఏ అంకె చూడడానికి పెద్దదిగా ఉండి లోపల ఖాళీయో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడులలో తల్లిదండ్రులతో యాజమాన్య కమిటీలు ఉండాలి. ఊళ్ళో గ్రామసభ ఉంది. మన మనుమలు ప్రైవేటు బడులలో చదువుతూ ఉండవచ్చు. అయినా ఊరి బడిలో చదివేది మన ఊరి పిల్లలే. పింఛను పని మీద మండల కేంద్రానికి పోయినప్పుడు ఒక్క పూట ఆ బడికి పోయి, ఈ ఏడు గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఆడపిల్లలకు నీళ్ళున్నాయా అని మర్యాదగా అడుగుదాం. లెక్క అర్థం కాని కమిటీ సభ్యురాలికి పక్కన కూర్చుని చదివి చెబుదాం.

చదువు కోసం వంగర విడిచిన ఆ బాలుడికి మన తరం గుమాస్తాలు చేయగల నివాళి అదేనని భావిస్తూ, ఇంతటితో సెలవు తీసుకుంటున్నాను.